పద్నాలుగు రోజుల చోటు

మనిషి ఉండటానికి ఒక చోటు కావాలన్న మాటలో ఎవరికీ సందేహం రాదు గాని, చోటు అంటే ఏమిటి, అది నేలకు చెందినదా, మనిషికి చెందినదా, లేక ఆ రెండింటి మధ్య ఏర్పడే సంబంధానికి పెట్టుకున్న పేరా అని అడగగానే సందేహాలు మొదలవుతాయి. తత్త్వవేత్తలు రెండు వేల ఏళ్లకు పైగా తర్కిస్తున్న ఈ ప్రశ్న, ఇంగ్లండులోనూ వేల్సులోనూ కాలువల మీద పడవల్లో కాపురం ఉంటున్న కుటుంబాల దాకా వచ్చేసరికి నిత్యజీవిత సమస్యగా మారింది. వారి ఇల్లు నీటి మీద మిగులుతుందా, కోర్టు ఉత్తర్వు తెచ్చి దాన్ని కాలువలోంచి తీయించివేస్తారా అన్నది ఒక చట్టంలో ఉన్న ‘ఏ ఒక్క చోటా’ అన్న మాటకు చెప్పుకునే అర్థం మీద ఆధారపడి ఉంది.

ఆ చట్టం 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం. దాని 17వ సెక్షన్ ప్రకారం కాలువ మీద పడవ ఉంచుకునేందుకు లైసెన్సు కావాలంటే పడవ భద్రంగా ఉందన్న ధ్రువపత్రం ఉండాలి, బీమా ఉండాలి, వీటికి తోడు పడవకు ఒక నెలవు ఉండాలి. ఈ నెలవు విషయంలో చట్టం రెండు దారులు చూపించింది. పడవను చట్టబద్ధంగా కట్టి వదిలి వెళ్లగలిగిన స్థిరమైన రేవు ఒకటి ఉందని నిరూపించడం మొదటి దారి. అక్కడివారు దానిని ‘హోమ్ మూరింగ్’ అంటారు. అటువంటి రేవు లేనివారు, లైసెన్సు కాలమంతా పడవను చిత్తశుద్ధితో ప్రయాణానికే వాడతామని, ఏ ఒక్క చోటా ఎడతెగకుండా 14 రోజులకు మించి, లేదా పరిస్థితులను బట్టి సమంజసమనిపించే మరికొంత కాలానికి మించి ఉండబోమని అధికారులకు నమ్మకం కలిగించడం రెండో దారి. ఈ దారి పట్టినవారికి ‘కంటిన్యువస్ క్రూయిజర్లు’, అంటే నిరంతర సంచారులు, అన్న పేరు స్థిరపడింది. గడువును రోజుల్లో లెక్కగట్టి చెప్పిన చట్టం చోటును మాత్రం నిర్వచించలేదు. పడవ ఎంత దూరం కదిలితే ఒక చోటు ముగిసి మరొక చోటు మొదలవుతుందో ఆ సెక్షన్‌లో ఎక్కడా కనబడదు.

చట్టం వదిలిన ఖాళీని అధికారుల వ్యాఖ్యానం పూరించింది. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ అనే ప్రభుత్వ సంస్థ బాధ్యతలు ఇంగ్లండు, వేల్సుల్లో కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మాదాయ సంస్థకు బదిలీ అయ్యాయి. సుమారు 2,000 మైళ్ల జలమార్గాలనూ వాటి మీది 35 వేల దాకా పడవలనూ ఆ ట్రస్టే చూసుకుంటోంది. దాని మార్గదర్శకాల ప్రకారం చోటు అంటే పడవను కట్టిన ఆ కాస్త గట్టు మాత్రమే కాదు, దాని చుట్టూ ఉన్న పేట, పల్లె, పరిసరం అంతా కలిసి ఒక చోటు. పద్నాలుగు రోజులు ఒక పరిసరంలో ఉన్న పడవ పదిహేనో రోజుకల్లా వేరొక పరిసరంలో ఉండాలి. రెండు మూడు వంతెనల మధ్య అటూ ఇటూ తిరగడం ప్రయాణం కిందికి రాదని, లైసెన్సు కాలంలో 15, 20 మైళ్ల లోపలే మసలిన పడవ షరతును తీర్చినట్టు తాము ఒప్పుకోవడం అరుదని ట్రస్ట్ 2015 ప్రాంతంలో స్పష్టం చేసింది. అంతకుముందే 2011లో బ్రిస్టల్ కౌంటీ కోర్టు ముందుకు ఇటువంటి వ్యాజ్యం ఒకటి వచ్చింది. బాత్ నగరానికీ బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ పట్టణానికీ మధ్య పది మైళ్ల మేర కాలువలో, గడువు దాటకుండా కదులుతూ కాపురముంటున్న ఒక పడవవాసి ప్రయాణం చిత్తశుద్ధితో చేసినది కాదని ఆ కోర్టు తీర్పు చెప్పింది. కౌంటీ కోర్టు తీర్పు ఇతర కోర్టులను కట్టడి చేయదు కనుక ప్రశ్న ముగిసిపోలేదు. కదలడం ఒక్కటే చాలదని, కదలికలో సంకల్పం కూడా ఉండాలని అడిగే చట్టం మనిషి మనసులోకి ఎంత దూరం చూడగలదన్న కొత్త ప్రశ్న మాత్రం అక్కడ పుట్టింది.

ఈ వివాదం ఎటువంటి వస్తువు చుట్టూ నడుస్తోందో దగ్గరగా చూడకపోతే మిగిలిన చర్చ గాలిలో తేలిపోతుంది. ఇంగ్లండు కాలువల మీద ఎక్కువగా కనబడే ‘నారోబోట్’ వెడల్పు ఏడు అడుగులకు కొంచెం తక్కువగా ఉంటుంది; పొడవు డెబ్బై అడుగుల దాకా ఉండవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు కాలువలు తవ్వించినప్పుడు లాకులను ఆ వెడల్పుకే కట్టించాడు కనుక, రెండున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ లాకులు దాటవలసిన ఇల్లు ఆ వెడల్పులోనే ఒదగాలి. ధవళేశ్వరం ఆనకట్టతో పాటు కాటన్ దొర కాలువలనూ లాకులనూ చూసిన గోదావరి జిల్లాలవారికి లాకు పని వివరించనక్కరలేదు. తేడా ఏమిటంటే ఇంగ్లండులో చాలాచోట్ల లాకు మనిషి ఉండడు. పడవలో ఉన్నవారే గట్టు మీదికి దిగి, వంకర ఇనుప పిడితో తూము తలుపు ఎత్తి, నీటిమట్టం సమమయ్యే దాకా ఆగి, కొయ్య దూలానికి వీపు ఆనించి తలుపు తోసుకోవాలి. రాత్రికి ఆగవలసివచ్చినప్పుడు అడుగున్నర ఇనుప మేకులు రెండు గట్టులోకి దిగగొట్టి, ముందూ వెనకా మోకులతో పడవను వాటికి కడతారు. ఆ రెండు మేకుల మధ్యనున్న నేలతోనే ఆ ఇంటికి పద్నాలుగు రోజుల సంబంధం. మంచినీళ్ల ట్యాంకు నింపుకునే కుళాయి, మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసే చోటు, డీజిలూ బొగ్గూ దొరికే రేవు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని ప్రయాణం వేసుకోవాలి. చలికాలంలో మరమ్మతుల కోసం లాకులు మూసినప్పుడు ముందుకు పోవలసిన పడవ ఎటూ పోలేక ఆగిపోతుంది. పరిస్థితులను బట్టి మరికొంత కాలం అన్న చట్టపు మాట ఇటువంటి సమయాల్లోనే అక్కరకు వస్తుంది.

పడవవాసుల నెలవు సమస్య ఈనాటిది కాదు. రైళ్లు వచ్చి సరుకు రవాణాలో పోటీ పెరిగి పడవ కూలి పడిపోయిన పంతొమ్మిదో శతాబ్దంలో, జీతగాళ్లను పెట్టుకునే స్తోమత పోయిన పడవవాళ్లు భార్యాపిల్లలనే సిబ్బందిగా ఎక్కించుకున్నారు. ఒడ్డున అద్దె ఇల్లు మానుకుని, పడవ వెనకభాగంలో పది అడుగుల పొడవు కూడా ఉండీ లేని గదిలో సంసారం పెట్టారు. సొంత పడవ ఉన్నవాళ్లను ఆ రోజుల్లో ‘నంబర్ వన్’లనేవారు, ఆ పేరులో ఎంత గర్వం ఉన్నా వారి బతుకు కంపెనీ పడవలవారి బతుకు కంటె సులువైనది కాదు. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త చేసిన ప్రచారం ఫలితంగా 1877లో కెనాల్ బోట్స్ చట్టం వచ్చింది. నివాసంగా వాడే ప్రతి పడవనూ ఒక ఊరి పేర నమోదు చేయించాలని, ఎందరు ఉండవచ్చో గది కొలతను బట్టి నిర్ణయించాలని ఆ చట్టం చెప్పింది. పడవలో పెరిగే పిల్లలను ప్రాథమిక విద్య చట్టాల నిమిత్తం ఆ పడవ నమోదైన ఊరి నివాసులుగానే భావించాలని కూడా అది ఆదేశించింది. ఆ పిల్లలు ఆ ఊరిలో ఒక్క రాత్రి కూడా గడపకపోవచ్చు, అయినా వారు ఆ ఊరి పిల్లలే. చోటు అన్నది లేకపోతే బడి లేదు గనుక చట్టమే వారికి ఒక చోటును కల్పించింది. ఆ కల్పన ఆచరణలో ఎంతమంది పిల్లలకు అక్షరాలు నేర్పిందన్నది వేరే విషయం గాని, నెలవు అనేది కనిపెట్టేది కాదని, అవసరాన్ని బట్టి కల్పించి ఇవ్వగలిగేదని ఆనాటి శాసనకర్తలు గ్రహించిన సంగతి గుర్తుంచుకోదగ్గది.

సరుకు పడవలు అంతరించిపోతున్న కాలంలో (1962–63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టిన తరువాత ప్రభుత్వపు నారోబోట్ సరుకు రవాణా 1963లో మూతపడింది) కాలువలను బతికించినవారు వేరే రకం మనుషులు. రోల్ట్ అనే రచయిత తన పడవలో కాలువల వెంట చేసిన ప్రయాణాన్ని ‘నారో బోట్’ అన్న పుస్తకంగా 1944లో ప్రచురించగా, అది చదివిన రాబర్ట్ ఐక్‌మన్ ఆయనతో కలిసి 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఆ సంఘంలో చీలిక త్వరలోనే వచ్చింది: కాలువలన్నిటినీ అందరి విహారం కోసం కాపాడుకోవాలని ఐక్‌మన్ పట్టుబట్టగా, వాటి మీద పనిచేస్తూ బతుకుతున్న పడవ కుటుంబాల జీవనమే ముఖ్యమని రోల్ట్ భావించాడు, 1951లో రోల్ట్‌ను సంఘం నుంచి తొలగించారు. కాలువ అంటే చూసి ఆనందించవలసినదా, అందులో బతకవలసినదా అన్న ఆ తగువు పడవవాసుల రాజకీయాల్లో ఇప్పటికీ అడుగున కదులుతూనే ఉంది.

ఇటీవలి దశాబ్దాల్లో లండన్, బాత్ వంటి చోట్ల ఇళ్ల ధరలూ అద్దెలూ మోయలేక పడవలకు మారినవారు ఎందరో ఉన్నారు. వీరిలో చాలామందికి ఉద్యోగం ఒకచోట ఉంటుంది, పిల్లల బడి ఒకచోట ఉంటుంది, ఆసుపత్రి ఒకచోట ఉంటుంది. కదలవలసినది ఇల్లు మాత్రమే. బడిలో సీటు ఇంటి దూరాన్ని కొలిచి ఇస్తారు, బ్యాంకు ఖాతాకూ కారు బీమాకూ చిరునామా అడుగుతారు. ఓటరుగా నమోదయ్యేందుకు మాత్రం 2000 నాటి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది: స్థిరమైన చిరునామా లేనివారు ఫలానా ప్రాంతంతో తమకు సంబంధం ఉందని ప్రకటించుకుంటే చాలు. అయితే 2022 చలికాలంలో విద్యుత్తు, గ్యాసు ధరలు మండిపోయి ప్రభుత్వం ఒక్కో ఇంటికి 400 పౌండ్ల సాయం ప్రకటించినప్పుడు, మీటరు లేని నివాసాలకు పెట్టిన ప్రత్యామ్నాయ పథకంలో కూడా స్థిరమైన రేవు లేని పడవలకు చోటు దక్కలేదు. ఓటు విషయంలో పడవవాసి ఈ ప్రాంతపు మనిషి, చలి విషయంలో ఏ ప్రాంతపు మనిషీ కాడు. ఒక శాఖ చిరునామా లేదని సాయం ఇవ్వదు, చిరునామా అనిపించేటంతగా ఒక ప్రాంతాన్ని అంటిపెట్టుకుంటే లైసెన్సు ఇచ్చే సంస్థ ఊరుకోదు. ఈ రెండింటి మధ్య నలిగేవారికి చోటు గురించిన తర్కం దూరపు సంగతి కాదు.

చోటును గురించి పాశ్చాత్య తత్త్వంలో తొలి సమగ్ర విచారణ చేసిన అరిస్టాటిల్, ఆశ్చర్యంగా, పడవ ఉదాహరణతోనే తన నిర్వచనాన్ని సరిదిద్దుకున్నాడు. ‘ఫిజిక్స్’ గ్రంథం నాలుగో భాగంలో ఆయన చెప్పిన దాని సారం ఇది: ఒక వస్తువును అంటిపెట్టుకుని చుట్టూ ఉన్న దాని లోపలి అంచు ఆ వస్తువు చోటు. అయితే పారే నదిలో ఉన్న పడవ చుట్టూ నీరు క్షణక్షణం మారిపోతుంది. అంచు మారితే చోటు మారినట్టే అనుకుంటే లంగరు వేసి నిలిచి ఉన్న పడవ కూడా చోట్లు మారుతోందని చెప్పవలసి వస్తుంది. అందువల్ల ఆయన కదిలే అంచును పాత్ర అన్నాడు, కదలని అంచునే చోటు అన్నాడు. నదిలోని పడవకు చుట్టూ ఉన్న నీరు పాత్ర వంటిది, కదలకుండా ఉన్న మొత్తం నదే దాని చోటు. ఈ నిర్వచనాన్ని కోర్టులో వినిపించగలిగితే ఒకే కాలువలో ఏడాది పొడవునా తిరిగిన పడవ కూడా ఒకే చోట ఉన్నట్టు తేలుతుంది, చట్టం పని చేయడం మానేస్తుంది. పడవవాసికి అరిస్టాటిల్ తోడు రాడు. అయితే పాత్రకూ చోటుకూ మధ్య ఆయన చూపిన తేడాలో ఒక లోతైన విషయం ఉంది: పాత్రను మోసుకుపోవచ్చు, చోటును మోసుకుపోలేము. తక్కినవారి ఇల్లు చోటులో ఉన్న పాత్ర అయితే, పడవవాసి ఇల్లు పాత్రే చోటుగా మారిన వస్తువు. వంటగది, పొయ్యి, పిల్లల మంచం, కిటికీ పక్కన మొక్కల కుండీ అన్నీ ఒకదానికొకటి ఎప్పుడూ ఉన్న దూరంలోనే ఉంటాయి. కిటికీలో గట్టు మాత్రమే మారుతుంది.

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నది వైశేషికం. పదార్థాలను వర్గీకరించి లోకాన్ని వివరించే ఆ దర్శనంలో ‘దిక్కు’ ఒక ద్రవ్యం. ఇది దగ్గర, అది దూరం, ఇది తూర్పు, అది పడమర అన్న జ్ఞానాలకు ఆధారంగా దాన్ని అనుమానించి తెలుసుకోవాలి. ఆ దిక్కు ఒక్కటే, నిత్యం, సర్వవ్యాపకం. దానిలో తూర్పు పడమరల వంటి భేదాలు దానంతట దానికి లేవు. సూర్యోదయం వంటి ఉపాధులను, అంటే భేదం కల్పించే పరిమితులను బట్టి అవి ఏర్పడతాయి. చోటును ఇలా సంబంధాల ద్వారా గుర్తించే అలవాటు తెలుగు ఇళ్లలో పూజకు ముందు చెప్పుకునే సంకల్పంలో నేటికీ ఉంది. ఆ సంకల్పంలో ఇంటి నంబరూ వీధి పేరూ రావు. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నారో, ఏ రెండు నదుల మధ్య ఉన్నారో చెప్పుకుంటారు, అద్దె ఇల్లయితే అది సొంతం కాదన్నట్టు మాట కూడా మారుస్తారు. సముద్రాలు దాటి స్థిరపడిన తెలుగువారు అదే సంకల్పాన్ని తమ ఖండానికీ దేశానికీ తగినట్టు మార్చుకుని చెప్పుకోవడంలో అసంగతం ఏమీ లేదు, ఎందుకంటే ఆ వాక్యంలో చోటు అంటే మనిషి తనను తాను దేనితో ముడివేసుకుంటున్నాడన్న ప్రకటన.

వైశేషికులు కదలికను కూడా ఇదే పద్ధతిలో నిర్వచించారు. వారి పరిభాషలో ‘కర్మ’ అంటే చలనం, అది సంయోగ విభాగాలకు కారణమైనది: ఒకదానిని విడవడం, మరొకదానిని కలవడం. ఈ నిర్వచనం వెలుగులో చూస్తే ట్రస్ట్‌కూ పడవవాసులకూ మధ్య తగువు ఎక్కడుందో తేటతెల్లమవుతుంది. పడవ గట్టును విడిచి, రెండు మైళ్ల దూరంలో మరొక గట్టును కలిస్తే చలనం జరిగిందనడంలో ఎవరికీ విప్రతిపత్తి లేదు. పడవ గట్టును విడిచినంత మాత్రాన చాలదు, అందులో ఉన్న మనిషి బడినీ పనినీ ఇరుగుపొరుగునూ విడిచినట్టు కనబడాలి అని అధికారుల వ్యాఖ్యానం ఆచరణలో కోరుతోంది. అంటే చోటుకు వారు ఎంచుకున్న ఉపాధి మైలురాయి కాదు, మనిషి అనుబంధాలు. దూరాన్ని కొలుస్తున్నట్టు కనబడుతూ అనుబంధాన్ని కొలిచే ఈ కొలబద్ద ఎంతవరకు న్యాయమన్నదే అసలు విచారణీయం.

ఒకే చోట ఎక్కువ కాలం ఉండకూడదన్న నియమం భారతీయ ధర్మగ్రంథాలకు కొత్త కాదు. భిక్షువు వానకాలంలో తప్ప ఒకే ఊరిలో రెండో రాత్రి ఉండకూడదని గౌతమ ధర్మసూత్రం విధించింది. వానల్లో మాత్రం ఒకచోట నిలిచిపోవాలి. బౌద్ధ భిక్షువుల వర్షావాసం, జైనుల చాతుర్మాస్యం ఇటువంటివే. ఇంగ్లండు చట్టంలోని పద్నాలుగు రోజులూ, పరిస్థితులను బట్టి మరికొంత కాలమూ అన్న కూర్పు ఈ నియమాన్ని గుర్తుకు తెస్తుంది గాని, పోలిక అంతటితో ఆగిపోవాలి. సన్న్యాసి నియమానికి ప్రయోజనం వైరాగ్యం: రెండో రాత్రి ఉంటే ఊరి మనుషుల పేర్లు తెలుస్తాయి, మూడో రాత్రి ఉంటే వారి కష్టసుఖాలు తనవవుతాయి, తాను విడిచి వచ్చిన సంసారం మరో రూపంలో చుట్టుకుంటుంది. ఆ ముడులను తెంచుకోవాలని అతడు తనంతట తాను కోరుకున్నాడు కనుకనే ఆ నియమం అతడికి సాధనం. సంసారం విడవని మనిషి మీద, అందులోనూ పిల్లలను బడికి పంపవలసిన తల్లి మీద, డయాలిసిస్ కోసం వారానికి మూడుసార్లు ఒకే ఆసుపత్రికి వెళ్లవలసిన వృద్ధుడి మీద అదే నియమాన్ని బయటినుంచి రుద్దినప్పుడు అది సాధనం కాదు, శిక్ష. గీత పన్నెండో అధ్యాయం భక్తుణ్ణి ‘అనికేతుడు’, ఇల్లు లేనివాడు, అని మెచ్చుకున్న మాట నిజమే. దానికి వ్యాఖ్యాతలు ఇంటి మీద మమకారం లేనివాడు అన్న అర్థం చెప్పుకున్నారే గాని, ఇంటినుంచి తరిమివేయబడ్డవాడు అని ఎవరూ చెప్పలేదు.

కదిలేవాడు విధిగా విరాగి అయివుండాలన్న భావన ఆ సంప్రదాయంలోనే పూర్తిగా లేదు. బౌధాయన ధర్మసూత్రం మూడో ప్రశ్న మొదట్లో గృహస్థుల్లోనే కొన్ని విధాలవారిని వేరుచేసి చెప్పింది. శాలను, అంటే ఇంటిని, ఆశ్రయించుకుని ఉండేవాడు శాలీనుడు. శ్రేష్ఠమైన జీవిక వెంట సాగిపోయేవాడు యాయావరుడు. ఒకరి తరువాత ఒకరి దగ్గరికి వరుసగా తిరుగుతూ పోషణ పొందేవాడు చక్రచరుడు. ఈ మూడో రకపు సంగతి ఇక్కడ అవసరం లేదు. యాయావరుడన్న మాట మాత్రం చాలా విలువైనది, ఎందుకంటే అది సంచారాన్నీ గృహస్థధర్మాన్నీ ఒకే మనిషిలో చేర్చి, ఆ మనిషిని అపవాదంగా గాక ఒక గుర్తింపు పొందిన విధంగా నిలబెట్టింది. ఇంగ్లండు చట్టం దగ్గర లేనిది సరిగ్గా ఈ మాటే. దానికి శాలీనుడు తెలుసు, రేవు చూపించి ఏడాదంతా కదలకపోయినా అతడిని ఎవరూ అడగరు. విహారి తెలుసు, సెలవుల్లో దేశమంతా తిరిగివచ్చే అతడి చిత్తశుద్ధిని ఎవరూ శంకించరు. బతుకుతెరువు చుట్టూ ఒక చిన్న వలయంలో కుటుంబంతో కదిలే యాయావరుడు ఎదురైనప్పుడు మాత్రం, ఇతడు ప్రయాణికుడా, గృహస్థుడా, ఏదో ఒకటి తేల్చుకొమ్మంటుంది. నేషనల్ బార్జీ ట్రావెలర్స్ అసోసియేషన్ అన్న పేరుతో 2009లో సంఘం పెట్టుకున్నవారి వాదనలోని సారం కూడా, చట్టభాష విప్పి చూస్తే, తాము ఆ యాయావరులమన్నదే.

ఎదుటి పక్షానికి న్యాయం లేదని అనడం సరికాదు. గట్టు పరిమితమైనది, కాలువ అందరిదీ. లండన్‌లో రీజెంట్స్ కాలువ మీద పడవ పక్కన పడవను కట్టి కూడా చోటు చాలని పరిస్థితి ఉంది. దూరం నుంచి వచ్చిన పడవకు ఒక్క రాత్రి ఆగేందుకు గట్టు దొరకకపోతే ప్రయాణం చేసే హక్కుకు విలువ లేకుండా పోతుంది. ఏటా వేల పౌండ్లు చెల్లించి రేవు అద్దెకు తీసుకున్నవారు, రేవుకు ఏమీ చెల్లించకుండా అదే ఊరి చుట్టూ తిరిగేవారిని చూసి నొచ్చుకోవడంలో తప్పు లేదు. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా నిజంగానే తిరిగే సంచారులు కూడా, వంతెన నుంచి వంతెనకు గెంతేవారి వల్ల తమందరికీ చెడ్డపేరు వస్తోందని బాధపడతారు. ఇక ట్రస్ట్ కష్టం చిన్నది కాదు. పాత ఆనకట్టలు, సొరంగాలు, కట్టవలు దాని నెత్తిన ఉన్నాయి. 2019 ఆగస్టులో డెర్బీషైర్‌లోని టాడ్‌బ్రూక్ జలాశయం ఆనకట్ట దెబ్బతిని వేలీ బ్రిడ్జ్ పట్టణంలో సుమారు 1,500 మందిని ఖాళీ చేయించవలసి వచ్చింది. 2027 నుంచి 2037 వరకు పదేళ్లకు ప్రభుత్వం ప్రకటించిన సాయం 401 మిలియన్ పౌండ్లు. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే ఇది పెద్ద కోత అని ట్రస్ట్ ఆవేదన వెలిబుచ్చింది. ఆ లోటును పూడ్చుకునే ప్రయత్నంలో 2024 ఏప్రిల్ నుంచి స్థిరమైన రేవు లేని పడవల లైసెన్సు రుసుము మీద 5 శాతం అదనపు భారం వేసి, దాన్ని ఏటా పెంచుతూ 2028 నాటికి 25 శాతానికి తీసుకుపోవాలని నిర్ణయించింది.

ఆ అదనపు భారాన్ని సమర్థించే వాదంలో కొంత బలం ఉంది: నిరంతరం తిరిగేవారు లాకులను, కుళాయిలను, గట్టును తక్కినవారి కంటె ఎక్కువగా వాడతారు. ఎక్కువ వాడినవారు ఎక్కువ చెల్లించడం న్యాయమే అయితే, ఎంత వాడారో కొలిచి వసూలు చేయాలి. నెలకోసారి లాకు దాటేవాడికీ రోజుకు పది లాకులు దాటేవాడికీ, రేవు లేదన్న ఒక్క గుర్తు మీద ఒకే రుసుము విధించినప్పుడు ఆ రుసుము వాడకం మీద పడినది కాదు, లేమి మీద పడినది. చట్టం రెండు దారులనూ సమానంగా తెరిచి ఉంచగా, రెండో దారి మీద మాత్రం సుంకం పెట్టడం ఆ సమానత్వాన్ని మెల్లగా చెరిపివేస్తుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ ఏం జరుగుతుందో ఇప్పటికే కనబడుతోంది: ఎక్కడో దూరాన చవకగా దొరికే రేవును కాగితం మీద అద్దెకు తీసుకుని, దాని ముఖం చూడకుండానే మరోచోట బతికేవారున్నారు. అటువంటి రేవులకు పడవవాసులు పెట్టిన పేరు ‘ఘోస్ట్ మూరింగ్’. ఖాళీగా పడివున్న రేవు చట్టం కళ్లకు నిజమైన చోటు, నలుగురి మధ్య బతుకుతున్న గట్టు మాత్రం చోటు కాదు.

ఈ చిక్కును విప్పేందుకు పద్నాలుగు రోజుల నియమాన్ని రద్దు చేయనక్కరలేదు. ఆ నియమంలో రెండు ప్రయోజనాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయాలి. గట్టు ఒక్కరి సొత్తు కాకుండా చూడటం మొదటి ప్రయోజనం. అది ధర్మబద్ధమైనది, దానికి పడవ కదిలిందా, తరువాత వచ్చినవారికి చోటు వదిలిందా అన్న విచారణ చాలు. కదిలేవాడికి ఏ ఊరితోనూ ముడి ఉండకూడదన్నది రెండోది. దీనికి ధర్మంలో గాని, సమాజ ప్రయోజనంలో గాని ఆధారం కనబడదు. పిల్లల బడి దగ్గర ఉండాలన్న కోరికతో పది మైళ్ల వలయంలో తిరిగే పడవ, గడువు దాటకుండా గట్టు వదిలినంత కాలం ఎవరి హక్కునూ హరించలేదు. ఆ కోరికనే చిత్తశుద్ధి లోపానికి సాక్ష్యంగా తీసుకోవడం, కాళ్లకు చెప్పులున్నాయి గనుక ఇతడు యాత్రికుడు కాడన్నట్టు ఉంటుంది. 2016 నాటి గృహ ప్రణాళికా చట్టం, స్థానిక సంస్థలు తమ పరిధిలో నివాస పడవలు కట్టుకునే చోట్ల అవసరాన్ని కూడా అంచనా వేయాలని విధించింది. ఆ అంచనాలు నిజమైన రేవులుగా మారితే కదలలేనివారు కదలనవసరం లేకుండా పోతుంది, కదిలేవారికి గట్టు మిగులుతుంది.

నివాసం కోల్పోయే దాకా వచ్చిన వ్యాజ్యాల్లో ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక ఎనిమిదో అధికరణం ప్రస్తావనకు వస్తుంది. ఇంటిపట్ల గౌరవానికి ప్రతి మనిషికీ హక్కుందని అది చెబుతుంది. ఇల్లు అంటే ఏమిటన్న దానికి ఆ ఒడంబడికను అన్వయించే న్యాయస్థానం గోడలనూ పునాదులనూ ప్రమాణంగా తీసుకోలేదు; ఒక ప్రదేశంతో చాలినంతగా, ఎడతెగకుండా సాగిన సంబంధం ఉందా అని చూసింది. జిప్సీ కుటుంబం బండిలో నివసించడం వారి అస్తిత్వంలో భాగమని 2001లో ఒక తీర్పులో అంగీకరించింది కూడా. ఎడతెగని సంబంధం ఉంటేనే ఇల్లు అని ఈ న్యాయం అంటుంది, ఎడతెగకుండా ఉండకపోతేనే లైసెన్సు అని ఆ చట్టం అంటుంది. పడవవాసి ఈ రెండింటికీ ఒకే రోజు, ఒకే కోర్టుగదిలో జవాబు చెప్పవలసి వస్తుంది.

పడవవాసులు తమలో తాము చోటును చెప్పుకునే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండు కాలువల మీద వంతెనలకు వరుసగా నంబర్లుంటాయి, ఆ నంబరు పలక వంతెన కమాను మీద చిన్నదిగా బిగించి ఉంటుంది. ఎక్కడున్నారని ఒకరినొకరు అడిగినప్పుడు కాలువ పేరు, ఫలానా వంతెనకు ఎగువన లేదా దిగువన అని చెబుతారు. మందులు తెచ్చిపెట్టే స్నేహితుడికీ, బొగ్గు పడవవాడికీ, అవసరం పడితే అంబులెన్సుకూ ఆ మాటే చెబుతారు, వారంతా తిన్నగా అక్కడికే వస్తారు. పద్నాలుగో రోజు పొద్దున మేకులు పెకలించి, మోకులు చుట్టి, ఇంజను వేసిన తరువాత ఆ నంబరు మారుతుంది, కబురు అందవలసినవారికి అందుతుంది. బడి దరఖాస్తులో వంతెన నంబరు రాసేందుకు మాత్రం గడి లేదు.